మూపురం కనిపించినంత దూరం: ఉబెరాబా నుంచి ఫ్రాయ్ బెంతోస్ దాకా

షెడ్డులో ఆబోతు ముందు నిలబడి మామయ్య బోర్డు చదవడం మొదలుపెట్టారు. ఆయనకు పోర్చుగీసు రాదు. అయినా వంశావళి వరుసలో ఒక పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "అబ్బాయీ, ఇది ఆకాశము కదూ?" అన్నారు. రోమన్ లిపిలో ఉన్నా అది అచ్చంగా ఆకాశమే. పక్క కొట్టంలోని ఆవు బోర్డు మీద గోదావరి. ఇంకో దాని మీద కరవది. అవును, ఒంగోలు పక్కనున్న మన కరవదే. ఆ ఊరికి మామయ్య ఉద్యోగంలో ఉన్నప్పుడు సైకిలు మీద వెళ్లి పశువులకు టీకాలు వేసేవారు. బ్రెజిల్ మధ్యలో, ఉబెరాబా ఊళ్లో, ఆ పేరును పట్టుకుని ఆయన చాలాసేపు కదలలేదు.

మా మామయ్య పశువైద్యుడు. ప్రకాశం జిల్లాలోనే సర్వీసంతా గడిపి రిటైరయ్యారు. మన ఒంగోలు జాతి దక్షిణ అమెరికాలో ఎలా బతుకుతోందో కళ్లారా చూడాలని ఆయనకు చిరకాల కోరిక. పోయిన ఏప్రిల్ చివర్లో ఇద్దరం బయలుదేరి 24 రోజులు తిరిగి వచ్చాం. బ్రెజిల్‌లో ఉబెరాబా, పంతనాల్ చిత్తడి నేలలు. అర్జెంటీనాలో సాన్ ఆంతోనియో దె ఆరెకో. ఉరుగ్వేలో ఫ్రాయ్ బెంతోస్. నాలుగు చోట్లా పశువులే మా పని. ఎక్కడ ఎన్ని రోజులు ఉండవచ్చు, ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ తిండికి కష్టం అన్నది ఇలాంటి యాత్రకు వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తయారీ సంగతి. మూడు దేశాల వీసాలూ విడివిడిగా చూసుకోవాలి. అంతకంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని పసుపు రంగు కార్డు తీసుకోవాలి. అది లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపే అధికారం వాళ్లకు ఉంది. మేము హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో వేయించుకున్నాం. మన దేశం నుంచి సావో పాలోకు నేరుగా విమానం లేదు. మధ్యలో దిగి మారేసరికి ఒక రోజు దాటిపోతుంది. అరవై దాటినవాళ్లు వెంట ఉంటే సావో పాలోలో ఒక రాత్రి ఆగండి. మేము ఆగకుండా బస్సెక్కి తప్పు చేశాం. మామయ్య కాళ్లు వాచిపోయాయి.

బస్సుల గురించి మాత్రం మంచి మాటే చెప్పాలి. బ్రెజిల్ దూరప్రయాణం బస్సులు శుభ్రంగా, వేళకు నడుస్తాయి. 'లెయితో' అని రాసి ఉంటే దాదాపు మంచంలా వాలే సీటు అని అర్థం. సావో పాలో నుంచి ఉబెరాబాకు సుమారు 480 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. ఆన్‌లైన్‌లో టికెట్టు కొనాలంటే చాలాచోట్ల అక్కడి పన్ను నంబరు అడుగుతుంది. అది మనకు ఉండదు. పాస్‌పోర్టు పట్టుకుని బస్టాండు కౌంటరుకు వెళితే ఐదు నిమిషాల పని.

దారి పొడవునా ఎర్రమట్టి. రిబెయిరావ్ ప్రేతో చుట్టుపక్కల కనుచూపు మేర చెరకే. ఆపైన రియో గ్రాందె నది మీది వంతెన దాటితే మినాస్ జెరాయిస్ రాష్ట్రం. ఈ నదీ, ఉత్తరాన పరనయీబా నదీ పడమటి వైపు ఒకచోట కలిసి పరనా అవుతాయి. ఆ రెండు నదుల మధ్య ముక్కోణం ఆకారంలో ఉన్న నేలే త్రియాంగులో మినేయిరో, అంటే మినాస్ త్రిభుజం. ఉబెరాబా అందులోనే ఉంది. మ్యాపు మీద వేలు పెట్టి చూస్తే మాకు ఒకటి తెలిసింది. మేము వెళ్లే నాలుగు చోట్ల నీళ్లూ చివరికి రియో దె లా ప్లాతాలోనే కలుస్తాయి. తెలియకుండానే మేము ఒకే నదీ పరీవాహక ప్రాంతంలో పైనుంచి కిందికి దిగుతున్నాం.

ఏటా ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా ఉబెరాబాలోని ఫెర్నాందో కోస్తా పార్కులో ఎక్స్‌పోజెబూ జరుగుతుంది. జెబూ అంటే మూపురం ఉన్న పశువు. మన ఒంగోలును అక్కడ 'నెలోరి' అంటారు. నెల్లూరు పేరే అలా మారింది. మన గిర్ అక్కడా గిరే. కాంక్రేజ్ మాత్రం గుజెరా అయింది. జెబూ పెంపకందారుల సంఘం కార్యాలయం, జెబూ మ్యూజియం కూడా ఆ పార్కులోనే ఉన్నాయి. కొట్టాల్లో పశువులు, పక్కనే మడత మంచాల మీద వాటిని చూసుకునే కుర్రాళ్లు. వేకువన నాలుగు గంటలకే కడగడం, తోమడం, తోక కుచ్చు దువ్వడం. మీరు వెళితే ఆ వేళకే వెళ్లండి. పదకొండు తర్వాత జనం కిక్కిరిసిపోయి పశువు దగ్గరకు చేరడమే కష్టమవుతుంది.

మామయ్య ఒక్కో ఆబోతునూ ఎంత ఓపికగా చూశారో చెప్పలేను. గంగడోలు గడ్డం కింది నుంచి మొదలై బొడ్డు దాకా మడతలు మడతలుగా ఉందా, మూపురం నిటారుగా నిలిచిందా పక్కకు వాలిందా, గిట్టలు నల్లగా ఉన్నాయా, కంటి చుట్టూ నల్లటి వలయం ఉందా? "తెల్లటి వెంట్రుక, దాని కింద నల్లటి చర్మం. ఎండను తట్టుకునే రహస్యం అక్కడే ఉంది. పిడుదులు కూడా దీని జోలికి తక్కువగా వస్తాయి" అంటూ ఒకదాని మెడ మీద వెంట్రుకలు వేళ్లతో విడదీసి నాకు చూపించారు. పోలిక ఎంత ఉందో తేడా కూడా అంత ఉంది. వెనక భాగం బాగా నిండి గుండ్రంగా ఉంది. కాళ్లు మన వాటికంటే పొట్టి. మన రైతు నాగలికీ బండికీ ఎంచుకున్న పశువును వాళ్లు మాంసానికి ఎంచుకున్నారు. తరాల తరబడి జరిగిన ఆ ఎంపిక ఒంటి మీద కనిపిస్తోంది.

మ్యూజియం చిన్నదే. రెండు గంటలు చాలు. కానీ వదలకండి. 1868లో ఒక ఓడ బయీయా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవులో ఆగి ఒంగోలు జంటను అమ్మి వెళ్లడం, 1878లో రియో రైతు ఒకాయన జర్మనీలోని హాంబుర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జంటను తెప్పించుకోవడం, 1960ల మొదట్లో మన తీరం నుంచి చివరి పెద్ద దిగుమతి, వాటిని ఫెర్నాందో దె నొరోన్యా ద్వీపంలో క్వారంటైన్‌లో ఉంచడం, ఈ చరిత్ర అంతా ఇక్కడివాళ్లకు కంఠస్థం. కరవది అనే ఆబోతు ఆ ఆఖరి విడతలో వచ్చిందే. దాని రక్తం ఈ రోజు లక్షల పశువుల్లో ఉంది. చేకూరపాడు పేరుతో కూడా ఒక వంశం ఉంది. ఆ పేరు విని మామయ్య, "మా పెద్దమ్మ వాళ్ల ఊరు ఆ పక్కనే" అని గైడుకు చెప్పారు. నేను ఫోనులో అనువాదం చేసి చూపించగానే ఆ అమ్మాయి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. ఆ పావుగంట మామయ్యే ప్రదర్శన అయిపోయారు.

ఇంకో సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కు వెళుతున్న జెబూ పశువులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు పశువులను చంపే రిండర్‌పెస్టు అనే అంటువ్యాధి అక్కడ పాకింది. ఆ దెబ్బతోనే 1924లో ప్యారిస్‌లో అంతర్జాతీయ పశువ్యాధుల సంస్థ పుట్టింది. మామయ్య తరం పశువైద్యులు ఊరూరా టీకాలు వేసి తరిమిన జబ్బు అదే. 2011లో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు. ఆ రోజు ఇంట్లో పాయసం చేయించారట.

బస సంగతి. రెండు నెలల ముందే బుక్ చేసి, డబ్బు కూడా కట్టిన హోటలుకు రాత్రి పదకొండుకు చేరితే గది లేదన్నారు. సంత రోజుల్లో ఎక్కువ ఇచ్చేవాళ్లకు గదులు వెళ్లిపోతాయని తర్వాత తెలిసింది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఎదురుగా టాక్సీ ఆపుకున్న డ్రైవరు తన పిన్ని నడిపే పౌజాదాకు తీసుకెళ్లాడు. పౌజాదా అంటే చిన్న వసతిగృహం. ఐదు గదులు, వెనుక మామిడి చెట్టు, పొద్దున్నే పౌ దె కేజో అనే చీజ్ ఉండలు, కాఫీ. హోటలులో సగం ధర. అక్కడ ఆరు రాత్రులు ఉన్నాం. ఉబెరాబాలో హోటలు కంటే ఇలాంటి ఇళ్లే మేలని నా అభిప్రాయం. ఎలాగైనా బుకింగ్‌ను వెళ్లే ముందు రోజు ఫోను చేసి ఖాయం చేసుకోండి.

మామయ్యా నేనూ ఆవుమాంసం తినం. ఈ యాత్రలో అదే పెద్ద ఇబ్బంది అవుతుందని భయపడ్డాను. బ్రెజిల్‌లో కాలేదు. ఊరూరా తూకం భోజనశాలలు ఉంటాయి. పళ్లెంలో మనకు కావలసింది పెట్టుకుని తూకం వేయించుకోవడమే. అన్నం, ఆకుకూర వేపుడు, కర్రపెండలం, కోడిగుడ్డు, మామిడి, బొప్పాయి అన్నీ దొరుకుతాయి. నల్ల చిక్కుడు గింజల కూరలో మాత్రం పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోవాలి. ఊరగాయ సీసా వెంట ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. భోజనం చివర చీజ్ ముక్క మీద జామపండు హల్వా పెట్టి ఇస్తారు. మామయ్య దాన్ని రోజూ తిన్నారు.

ఒక సాయంత్రం వేలం చూశాం. వెలుగుల మధ్య ఒక్కో ఆవు నడిచి వస్తుంటే అంకెలు పరుగెత్తాయి. మన పత్రికల్లో కూడా వచ్చిన వియాతీనా-19 అనే నెలోరి ఆవు ఈ దేశందే. 2023 వేలంలో దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో ఒక మంచి కోడె జతను నిలబెట్టుకోవడానికి రైతు పడే అవస్థ తెలిసినవాడిగా నాకు ఆ వెలుగులో కూర్చోవడం భారంగా అనిపించింది. ట్రాక్టరు వచ్చాక మన దగ్గర గిత్తకు పని పోయింది. బండలాగుడు పోటీలే వాటికి మిగిలిన గౌరవం. బ్రెజిల్‌లో పశువులు 23 కోట్లకు పైనే, మనుషుల కంటే ఎక్కువ. వాటిలో అత్యధికం నెలోరి రక్తం ఉన్నవే.

ఉబెరాబాకు దగ్గర్లో పెయిరోపొలిస్ అనే పల్లెలో రాక్షసబల్లుల శిలాజాల మ్యూజియం ఉంది. వెంట పిల్లలు ఉంటే ఒక పూట కేటాయించవచ్చు. మేము అరగంటలో తిరిగి వచ్చేశాం.

సావో పాలోకు వెనక్కి వచ్చి విమానంలో కాంపో గ్రాందె చేరాం. పంతనాల్‌కు దక్షిణ ద్వారం అదే. ఊరు విశాలమైన వీధులతో ప్రశాంతంగా ఉంటుంది. ఒకప్పుడు జపాన్‌లోని ఒకినావా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల వల్ల ఇక్కడి సంతలో సోబా నూడుల్స్ ప్రసిద్ధి. ఒక రాత్రి ఆగితే చాలు. ఫజెండాకు, అంటే మేము బస చేయబోయే పెద్ద పశుక్షేత్రానికి, తీసుకెళ్లడానికి మేము డబ్బు కట్టిన ఏజెన్సీ నాలుగు చక్రాలూ తిరిగే జీపు అని చెప్పి చిన్న కారు పంపింది. మిరాందా దాటాక మట్టిదారి మీద గేటు దగ్గర నీళ్లు అడ్డం వచ్చాయి. డ్రైవరు మమ్మల్ని సామానుతో సహా దించి వెళ్లిపోయాడు. మూడున్నర గంటల తర్వాత ఫజెండా నుంచి ట్రాక్టరు వచ్చింది. నా సలహా ఒకటే. రవాణా కూడా ఫజెండావాళ్ల చేతే పెట్టించుకోండి. కొంచెం ఎక్కువైనా దారి తెలిసిన మనిషి వస్తాడు.

ఆ మూడున్నర గంటలు వృథా కాలేదని మాత్రం చెప్పాలి. గేటు దిమ్మ మీద కూర్చుని చూస్తుండగా మనిషి ఛాతీ ఎత్తున్న తుయుయూ కొంగలు, నీలి రంగు పెద్ద చిలుకలు, పందిపిల్లల్లా బురదలో దొర్లే కాపిబరాలు, ఒడ్డున కదలకుండా పడుకున్న మొసళ్లు కనిపించాయి. పంతనాల్ బ్రెజిల్ వైపే దాదాపు లక్షన్నర చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు ఆంధ్రప్రదేశ్ అంత. చుట్టూ ఎత్తైన పీఠభూములు, మధ్యలో పళ్లెం లాంటి నేల. వాలు కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లే కావడంతో ఉత్తరాన నవంబరు నుంచి మార్చి దాకా పడిన వాన దక్షిణానికి చేరడానికి నెలలు పడుతుంది. అందుకే వానలు ఆగిన మే నెలలో మా దారికి వరద అడ్డం వచ్చింది. జాగ్వార్ పులులను చూడాలనేవాళ్లు జూలై నుంచి అక్టోబరు మధ్య రావాలి. పశువులు నీళ్లలో నడవడం చూడాలంటే మేము వెళ్లిన వేళే మంచిది.

ఇక్కడి నేలలో చాలా భాగం ప్రైవేటు ఫజెండాలదే. రెండు వందల ఏళ్లకు పైగా పశువులు మేస్తున్నా అడవి, పక్షులు ఇంకా మిగిలి ఉన్నాయంటే కారణం మంద పలచగా ఉండటమే. మా ఫజెండా యజమాని లెక్క ప్రకారం మూడు నాలుగు హెక్టార్లకు ఒక పశువు. వరద వస్తే మందను 'కోర్దిలేరా' మీదికి మళ్లిస్తారు. పేరు పెద్దదే కానీ అది పర్వతశ్రేణి కాదు, చుట్టూ నీటి కంటే మీటరో రెండు మీటర్లో ఎత్తున ఉండే చెట్ల దిబ్బ.

మేము ఉన్న ఆరు రోజుల్లో మూడో రోజు మందను తరలించారు. తెల్లవారక ముందే బెరాంతె మోగింది. ఎద్దు కొమ్ములు అతికించి చేసిన పెద్ద బూర అది. ముందు నడిచే మనిషి దాన్ని ఊదుతాడు. లోతైన, దీర్ఘమైన శబ్దం. దాన్ని విని మంద కదులుతుంది. నాలుగు వందల తెల్లటి పశువులు పొగమంచులోంచి ఒకదాని వెనక ఒకటి వచ్చి పొట్ట దాకా నీళ్లలోకి దిగాయి. మూపురాలు, కొమ్ములు, వాటి మధ్య తల్లుల పక్కన మోరలు పైకెత్తి ఈదే దూడలు. పక్కన గుర్రాల మీద ఏడుగురు మాత్రమే మనుషులు. ఎవరూ అరవలేదు, కొట్టలేదు. నీటి చప్పుడు, మధ్యమధ్యలో బెరాంతె. మామయ్య ట్రాలీ మీద నిలబడి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని చూస్తున్నారు. "గుండ్లకమ్మ దాటి మేతకు పోతున్నట్టే ఉందిరా" అన్నారు చాలా మెల్లగా. ఆ మాట తర్వాత మధ్యాహ్నం దాకా ఆయన మాట్లాడలేదు.

పని ముగిశాక చెట్టు కింద తెరెరే తిప్పారు. ఎండబెట్టిన మాతె ఆకుపొడిని ఎద్దు కొమ్ముతో చేసిన గిన్నెలో నింపి, చల్లటి నీళ్లు పోసి, ఒకే లోహపు గొట్టంతో అందరూ వరుసగా పీల్చుతారు. మొదట చేదు, తర్వాత అలవాటవుతుంది. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లు మర్యాదగా వద్దంటే ఎవరూ తప్పు పట్టరు. మామయ్య తాగారు. పెద్ద పశుకాపరి, అరవై ఏళ్ల మనిషి, ఆకాశము అంటే ఏమిటని అడిగాడు. ఆయన గుర్రం పక్కనే నిలబడిన ఆబోతు వంశం పేరు అదే. మామయ్య పైకి చూపించారు. ఆ మనిషి టోపీ తీసి పైకి చూశాడు. తన ముప్పై ఏళ్ల పనిలో ఈ పేరు ఒక మనిషిదనుకున్నానని చెప్పాడు.

అక్కడ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంత అపురూపంగా తోలుకెళ్లే మంద చివరకు వెళ్లేది కబేళాకే. రాత్రి మామయ్యను అడిగాను. "అక్కడ మనం పాలిచ్చే తల్లి అని మొక్కి, ముసలిదైతే రోడ్డు మీద వదిలేస్తున్నాం. ఇక్కడ చంపడానికి పెంచుతున్నారు, కానీ పెంచినన్నాళ్లు కడుపునిండా గడ్డి పెట్టి పెంచుతున్నారు. ఈ రెండూ నాకు సమ్మతం కాదు. కానీ జాతి బతికింది ఇక్కడే" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి కూడా ఉంది. పంతనాల్ బయట, పీఠభూమి మీది సెరాదో అనే గడ్డి, చెట్ల మైదానంలో దాదాపు సగం సహజమైన పచ్చదనం పోయింది. అమెజాన్‌లో అడవి నరకడానికి మొదటి కారణం పశువుల మేతభూమే. ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియారియా గడ్డి, మన తీరం నుంచి వెళ్లిన పశువు కలిసి ఒక ఖండం రూపు మార్చాయి. 2020లో పంతనాల్‌లోనూ మంటలు చెలరేగి నాలుగో వంతుకు పైగా కాలిపోయింది. మొదళ్లు నల్లబడిన చెట్లను యజమాని మాకు చూపించారు. మన జాతి పేరు అక్కడ వినపడినప్పుడు కలిగిన గర్వంతో పాటు ఈ సంగతినీ మోసుకురావాలి.

ఫజెండా బస ధర ఊళ్లో హోటలుకు మూడింతలు. కానీ మూడు పూటల తిండి, గుర్రాలు, పడవ, గైడు అన్నీ అందులోనే. గదిలో ఫ్యాను, దోమతెర, వేడినీళ్లు ఉన్నాయి. ఫోను సిగ్నలు లేదు. మే నెల కదా అని పలచటి బట్టలతో వెళ్లకండి. దక్షిణం నుంచి ఒక్కసారిగా చలిగాలి దిగుతుంది. వాళ్లు దాన్ని ఫ్రియాజెం అంటారు. మాకు నాలుగో రాత్రి వణుకు పుట్టింది. వంట చేసే ఆవిడకు మొదటిరోజే మేము ఏం తింటామో చెబితే అన్నం, గుడ్లు, గుమ్మడికాయ కూర, పిరాన్యా చేపల పులుసు చేసి పెట్టింది. పశుకాపరులు తినే ఎండుమాంసం అన్నం జోలికి మేము పోలేదు. గైడు అబ్బాయి పక్షుల పేర్లన్నీ చెప్పగలడు కానీ ఇంగ్లిషు తక్కువ. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే అనువాద యాప్ ముందే ఫోనులో పెట్టుకోండి.

అక్కడి నుంచి బ్యూనస్ ఐరెస్. రెతీరో బస్టాండు నుంచి రెండు గంటల్లో సాన్ ఆంతోనియో దె ఆరెకో. పంపా మైదానం అంటే ఏమిటో ఆ రెండు గంటల్లో తెలుస్తుంది. గుట్ట లేదు, రాయి లేదు, దున్నితే నల్లటి లోతైన మట్టి. ఇక్కడ ఎక్కడా మూపురం లేదు. నల్లటి ఆంగస్, తెల్లటి మొహం ఎర్రటి ఒళ్లు ఉన్న హియర్‌ఫోర్డ్. చల్లటి వాతావరణానికి బ్రిటన్ నుంచి తెచ్చిన జాతులు. వేడి నేలలో మనది, చల్లటి నేలలో వాళ్లది. ఆ రెండింటికీ మధ్య పరగ్వేలోనూ ఉత్తర అర్జెంటీనాలోనూ రెండు రక్తాలూ కలిపిన బ్రాంగస్, బ్రాఫోర్డ్ పెంచుతారు. ఈ ఖండం వాతావరణ పటాన్ని పశువు వీపు మీద చదవవచ్చని మామయ్య అన్నమాట అక్షరాలా నిజం.

ఆరెకో ఊరు అందంగా ఉంది. పాత ఎర్ర వంతెన, గౌచోల (గుర్రాల మీద తిరిగే పశుకాపరుల) మ్యూజియం, వెండిపనివాళ్ల దుకాణాలు. కళ్లేనికి, మొలకత్తి ఒరకు వెండి చెక్కే ఒక ముసలాయన పని చూస్తూ గంట నిలబడ్డాం. పచ్చితోలును సన్నటి పోగులుగా చీల్చి ఎనిమిది పేటలు అల్లే పనీ చూశాం. అది చాలా విలువైన గంట. కానీ ఎస్తాన్సియాలో, అంటే ఇక్కడి పెద్ద పశుక్షేత్రంలో, 'దియా దె కాంపో' పేరుతో అమ్మే రోజంతా కార్యక్రమం మాకు నచ్చలేదు. నాలుగు బస్సుల జనం, పావుగంట గుర్రపుస్వారీ, పరుగెత్తే గుర్రం మీంచి ఉంగరాన్ని పుల్లతో అందుకునే ఆట, నాట్యం, పెద్ద నిప్పుల మీద మాంసం. గుర్రపువాళ్ల నేర్పులో లోపం లేదు. కానీ మందను ఒక్కసారి కూడా చూపించలేదు. అడిగితే ఇప్పుడు పొలంలో ఎక్కువ భాగం సోయా అన్నారు. శాకాహారులకు చీజ్, ఉల్లిపాయ పెట్టిన ఎంపనాదాలు దొరుకుతాయి, అంతే. ఆరెకోకు ఒక రోజు చాలు. ఊళ్లోనే తిరగండి, ఎస్తాన్సియా డబ్బు మిగుల్చుకోండి.

బ్యూనస్ ఐరెస్ నుంచి పడవ మీద రియో దె లా ప్లాతా దాటి ఉరుగ్వేలోని కొలోనియా చేరి, బస్సులో మెర్సెదెస్ మీదుగా ఫ్రాయ్ బెంతోస్ వెళ్లాం. ఉరుగ్వే నది ఒడ్డున చిన్న ఊరు. పర్యాటకులు ఎక్కువగా రారు. నాకైతే పంతనాల్ తర్వాత బాగా నచ్చింది ఇదే. ఒకప్పుడు ఈ దేశంలో పశువును చంపేది తోలు కోసమే, మాంసం చాలావరకు వృథా. 1865లో ఏర్పడిన లీబిగ్ కంపెనీ ఆ మాంసాన్ని ఉడికించి సారం తీసి సీసాల్లో యూరప్‌కు పంపింది. ఒక కిలో సారానికి 30 కిలోల మాంసం. తర్వాత డబ్బాల మాంసం, ఆపైన శీతలీకరణ. 1979లో మూతపడిన ఆ కర్మాగారాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యంత్రాలు, తూకం రాళ్లు, కార్యాలయంలో చెక్క బల్లలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గైడు స్పానిష్‌లోనే మాట్లాడుతుంది. రెండు గంటలు తిరిగాక మామయ్య బయటకు వచ్చి నది వైపు తిరిగి కూర్చున్నారు. వధశాల భాగంలోకి ఆయన రాలేదు. సున్నితమైన మనసువాళ్లు ఆ భాగం వదిలేయవచ్చు, మిగతా మ్యూజియం దానంతటదే నిలుస్తుంది.

ఊరి బయట ఒక రైతు తన మందను చూపించాడు. ఎర్రటి హియర్‌ఫోర్డ్. ప్రతి పశువు చెవులకూ రెండు బిళ్లలు, ఒకటి కంటితో చదవడానికి, ఒకటి యంత్రంతో. 2006 నుంచి ఉరుగ్వేలో ఇది తప్పనిసరి. మనుషులు 35 లక్షలు కూడా లేని దేశంలో దాదాపు కోటీ ఇరవై లక్షల పశువులు, ఒక్కోదానికి పుట్టుక నుంచి లెక్క. మన దగ్గరా ఇప్పుడు పన్నెండు అంకెల పసుపు బిళ్ల వేస్తున్నారు కదా. మామయ్య ఆ రైతుతో దాని గురించే గంటసేపు మాట్లాడారు. నది ఒడ్డున చిన్న హోటలు శుభ్రంగా, చవకగా ఉంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా ఊరు మూసేస్తారు. భోజనం ముందే చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో కొలోనియా పడవ మీద లెక్క వేసుకున్నాం. ఆరెకో ఒక రోజుకు కుదించాలి, బ్యూనస్ ఐరెస్‌లో ఆగనక్కర్లేదు, ఆ రోజులన్నీ పంతనాల్‌కు ఇవ్వాలి. మా ఫజెండా యజమాని వచ్చే ఏడాది జూలైలో మందను పది రోజులు నడిపించి దూరపు మేతకు తీసుకెళతాడట. వంటవాడు కంచరగాడిదలతో ముందు వెళ్లి పొయ్యి సిద్ధం చేస్తాడు, మిగతావాళ్లు ఊయల మంచాల్లో నిద్రపోతారు. అరవై ఎనిమిదేళ్ల మామయ్యను ట్రాక్టరు మీద ఎక్కించుకుంటామని మాట ఇచ్చారు. ఆయన పాస్‌పోర్టు గడువు ఈ డిసెంబరుతో అయిపోతుంది. ఇంటికి వచ్చిన మర్నాడే రెన్యువల్‌కు ఇచ్చేశాం.